మూడో స్థానం మ్యాచ్

దుబాయ్,
12 డిసెంబర్ 2024, గురువారం

అక్కా,

నిన్న పొద్దున దిగాం. ఫోన్ చేయలేదని కోపపడకు. మా కోచ్ భీమరాజు సార్ అందరి ఫోన్లూ తీసుకుని తన సంచిలో వేసుకున్నాడు. సాయంత్రం ఏడింటికి అరగంట మాత్రం ఇస్తాడు. ఆ అరగంటలో మాట్లాడదామంటే ఫోన్ అమ్మ లాక్కుంటుంది. "బాపు దొరికిండా?" అని ఒక్కటే అడుగుతుంది. అందుకే పగలంతా నోటుబుక్కులో రాసి, ఫొటో తీసి నీకు పంపుతాను. నువ్వూ అట్లాగే రాయి. అమ్మకు ఏది చెప్పాలో నువ్వే చూసి చెప్పు.

ఈ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు సంగతి ఊళ్లో గొప్పగా చెప్పకు. పెద్ద పోటీకి అర్హత వచ్చిన కాలేజీలన్నీ చెన్నై పోయాయి. ఇక్కడికి వచ్చినవి ఒక్క అడుగు దూరంలో ఓడిపోయిన పదహారు జట్లు. కేరళ వాళ్లున్నారు, శ్రీలంక, ఫిలిప్పీన్స్, షార్జా వాళ్లున్నారు. మావాళ్లు దీనికి 'మిగిలినోళ్ల కప్పు' అని పేరు పెట్టారు. మొదటి మ్యాచ్ శనివారం. ఓడితే మర్నాడే విమానం ఎక్కిస్తారు. గెలిస్తే మూడు రోజులు ఉంటాం. మళ్లీ గెలిస్తే ఇంకో మూడు రోజులు. నాకు కావలసింది కప్పు కాదు, ఆ రోజులు.

బాపు ఫొటో షూ లోపలి అట్ట కింద పెట్టుకుని తెచ్చాను. మన దగ్గరున్నది అదొక్కటే కదా, 2019లో ఎయిర్‌పోర్టులో తీసింది. ఆయన కంపెనీ వదిలేసి పోయాడని మనకు తెలుసు. అట్లా కాగితాలు లేకుండా తిరిగేవాళ్లను ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. వాళ్లంతా జైలు, కేసు లేకుండా ఇంటికి పోవచ్చని ప్రభుత్వం గడువిచ్చింది. అది ఈ నెల ముప్పై ఒకటితో ఖలాస్. అంటే ఇంకా పంతొమ్మిది రోజులు.

అర్షద్ నాతో తిరుగుతానన్నాడు. మా కెప్టెన్. ఉర్దూ బాగా వస్తుంది, నాకు వచ్చే హిందీతో ఇక్కడ పని కాదు. మిగతా వాళ్లు నాతో సరిగా మాట్లాడటం లేదు. కరీంనగర్ సెమీఫైనల్లో చివరి రెండు ఫ్రీ త్రోలు నేను వేసి ఉంటే మేమూ చెన్నైలో ఉండేవాళ్లం కదా.

ఉంటాను,
రాకేశ్


కథలాపూర్,
13 డిసెంబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక చదివాను. అమ్మకు "మంచిగ చేరిండు, హోటల్లో పప్పు పెడుతున్నరు" అని చెప్పాను. నమ్మలేదు. నువ్వు దిగిన దగ్గర్నుంచి బీడీల చాట ముందు కూర్చుంటోంది గానీ ఆకు కత్తిరించడం లేదు. నిన్న ఒక్క కట్ట కూడా కాలేదు.

ఊరికే తిరగకురా. నువ్వు ఆటకు పోయావు. కొత్త దేశం, పోలీసులు అడిగితే ఏం చెబుతావు? మూడేళ్ల నుంచి ఫోన్ చేయని మనిషి ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? దొరకాలని లేని మనిషిని ఎట్లా వెతుకుతావు?

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మీ సెమీఫైనల్ కంటే వారం ముందే దుబాయ్ నుంచి మీ కాలేజీకి పిలుపు వచ్చిందని, ఓడితే అక్కడికి పోతారని నువ్వే నాకు చెప్పావు. ఆ రెండు ఫ్రీ త్రోలు... ఎవరూ అడ్డు రాని విసుర్లు అంటావు కదా వాటిని. నువ్వు కావాలని తప్పించావా?

రేణుక


దుబాయ్,
15 డిసెంబర్, ఆదివారం

అక్కా,

నిన్న గెలిచాం. కొలంబో జట్టు మీద ఆరు పాయింట్లు. నేను పద్దెనిమిది వేశాను. సార్ భుజం తట్టాడు, నాకు మాత్రం బుధవారం దాకా ఉండొచ్చన్నదే తలలో తిరిగింది.

నువ్వడిగిన దానికి జవాబు రాయను. తోబుట్టువువి, నువ్వూ అదే అడిగితే ఇక మావాళ్లను అనడమెందుకు?

ఈ రోజు షార్జాలో అల్ నహ్దా పోయాం. అక్కడ పోచన్న దొరికాడు. మన పక్కూరు, బాపుతో కలిసి ఒకే గదిలో మూడేళ్లు ఉన్నాడు. ఇప్పుడు నీళ్ల క్యాన్ల బండి నడుపుతున్నాడు. నన్ను చూసి బండి దిగి వచ్చాడు. "గింత పొడుగైనవా బిడ్డా, మీ బాపు చూస్తే గుర్తువట్టడు" అన్నాడు.

ఆయన చెప్పింది విను. 2021 మే నెలలో, అమ్మకు కరోనా వచ్చి కరీంనగర్‌లో ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు, బాపు ఇరవై రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు కదా. మనం ఎంత తిట్టుకున్నాం! అప్పుడు బాపు కూడా ఇక్కడి ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో ఉన్నాడట. ఫోన్ క్యాంపులో పోయిందట. లేచాక కూడా మనకు చెప్పొద్దన్నాడట. "ఇంటి మీద ఉన్న బరువు చాలు, నాది గూడ ఎందుకు" అన్నాడట.

తర్వాత కంపెనీ మూతబడింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. 2022 జనవరిలో ఒక రోజు బాపు పోచన్న ఫోన్ నుంచే ఇంటికి చేశాడు. పోచన్న మాటలు అట్లాగే రాస్తున్నాను. "ఇంటికస్త అని చెప్పనీకి చేసిండు. నాలుగు నిమిషాలు మాట్లాడిండు. ఫోన్ నా చేతుల పెట్టి మెట్ల మీద కూసున్నడు. ఏమైందన్నా అంటే, ఖలాస్ అన్నడు. గంతే. ఆ వారమే గది ఖాళీ చేసిండు."

ఆ ఫోన్ ఎవరు ఎత్తారు అక్కా? నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నది మీరిద్దరే. అమ్మేమైనా అన్నదా?

రాకేశ్


కథలాపూర్,
16 డిసెంబర్

తమ్మీ,

గెలిచారంటే సంతోషం. పద్దెనిమిది పాయింట్లని అంగన్‌వాడీ ఆయాకు కూడా చెప్పాను, ఆమెకు బాస్కెట్‌బాల్ అంటే తెలియదు, అయినా నవ్వింది.

ఇక్కడ చలి ముదిరింది. పసుపు తవ్వడానికి ఇంకా టైముంది. అమ్మ దగ్గు తగ్గలేదు.

ఆసుపత్రి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నిజంగా ఇరవై రెండు రోజులూ అక్కడే ఉన్నాడా? పోచన్నను మళ్లీ అడుగు. తేదీలు అడుగు.

ఫోన్ సంగతి నాకు సరిగా గుర్తు లేదు. మూడేళ్లయింది. ఎవరు ఎత్తారో, ఏమన్నారో. అదంతా ఇప్పుడు తవ్వకు. అమ్మను మాత్రం అడగకు.

జాగ్రత్త,
రేణుక


దుబాయ్,
18 డిసెంబర్, బుధవారం

అక్కా,

నిన్న కూడా గెలిచాం. మనీలా జట్టు మీద ఒక్క పాయింటుతో. ఆఖరి నిమిషంలో నాకు మళ్లీ రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. హాలంతా నన్నే చూస్తోంది, మావాళ్లు మరీ. రెండూ వేశాను. అర్షద్ వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. నాకు ఊపిరి ఆడలేదు, ఆనందంతో కాదు.

శుక్రవారం సెమీఫైనల్.

ఈ రోజు ఇంటర్నేషనల్ సిటీ పోయాం. అన్ని బిల్డింగులూ ఒక్కలాగే ఉంటాయి. బాపును అక్కడ చూసినోళ్లు పోచన్నకు చెప్పిన గుర్తులు పట్టుకుని నాలుగు గంటలు తిరిగాం. ఒక చోట వాచ్‌మన్, పెషావర్ ముసలాయన, ఫొటో చూసి "యే తో రాములు భాయ్ హై" అన్నాడు. అక్కా, బాపు పేరు ఆయన నోట రెండోసారి చెప్పించుకున్నాను. బాపు ఏడాదిన్నర ఆ బిల్డింగులో మెట్లు కడిగాడట. మెట్ల కింద గదిలో ఉండేవాడట. మొన్న అక్టోబరులో తనిఖీలు ఎక్కువయ్యాయని భయపడి పోయాడట. హత్తా రోడ్డు మీద మదామ్ అనే ఊరి దగ్గర ఒక అజ్బాలో, అంటే ఒంటెలు, మేకలు కట్టే ఫారంలో పని దొరికిందట. పేరు, నంబరు ఆయనకు తెలియదు. గడువు సంగతి చెప్పి ఇంటికి పొమ్మంటే, "ఘర్ మే మనా హై" అన్నాడట. ఇంట్లో వద్దన్నారు అని!

నాకు ఆగలేదు. అక్కడి నుంచే సార్‌కు తెలియకుండా అర్షద్ దాచుకున్న ఇంకో ఫోన్ నుంచి అమ్మకు చేశాను. నువ్వు అడగొద్దన్నావు కాబట్టే నాకు అనుమానం వచ్చింది. "బాపును నువ్వేమన్నవ్? ఎందుకు రావద్దన్నవ్?" అని అరిచాను. అమ్మ "నేనా? నేనెప్పుడన్న బిడ్డా?" అని ఏడ్చింది. నేను "అబద్ధం" అని పెట్టేశాను.

ఆమెతో ఇక మాట్లాడను. బాపు దొరికితే ఆయన్ను కరీంనగర్‌లో నా దగ్గరే ఉంచుకుంటాను.

రాకేశ్


కథలాపూర్,
19 డిసెంబర్

రాకేశ్,

అమ్మ నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. గోడకు ఆనుకుని, తను ఏ రోజు ఏ మాట అన్నదో గుర్తు చేసుకుంటోంది. "నేనేమన్న అన్ననేమోనే రేణుకా, ఆక్సిజన్ పెట్టినంక నాకు మతిమరుపైంది, నీకేమన్న యాదికున్నదా?" అని నన్నే అడుగుతోంది. నన్నే.

ఫోన్ ఎత్తింది నేను.

అమ్మ ఆ రోజు బీడీల కంపెనీకి పోయింది. తెలియని నంబరు. బాపు గొంతు. "బిడ్డా, ఇంటికి వద్దామనుకుంటున్న" అన్నాడు. నాకు ఆ ఇరవై రెండు రోజులే కళ్ల ముందు నిలబడ్డాయి. అమ్మ పెదాలు నల్లబడి ఉంటే ఆసుపత్రి వరండాలో సిలిండర్ పట్టుకుని నేనొక్కదాన్నే నిలబడ్డాను. నూట ఎనభై సార్లు చేశాను బాపుకు. లెక్క పెట్టుకున్నాను. అందుకే అన్నాను. "అమ్మ సస్తుంటె రానోనివి ఇప్పుడెందుకు? నువ్వు లేకున్న బతుకుతున్నం. రాకు. ఫోన్ గూడ చెయ్యకు. అమ్మ గూడ గదే అంటున్నది."

చివరి మాట అబద్ధం. అమ్మ అట్లా ఎన్నడూ అనలేదు.

బాపు ఆసుపత్రి పేరెత్తలేదు. "మంచిది బిడ్డా, తమ్ముణ్ని మంచిగ సదివియ్యి" అన్నాడు. మళ్లీ చేస్తాడనుకున్నాను. వారం, నెల, ఏడాది. చేస్తే చాలు, ఏడుద్దామనుకున్నాను. చేయలేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని ఎదురు చూసిన ప్రతి రోజూ నేను పక్కనే కూర్చుని "అస్తడులే అమ్మా" అన్నాను.

ఇప్పుడు నువ్వు అమ్మ మీద కోపంగా ఉన్నావు. అది నా మీద పెట్టు. ఆమెకు ఫోన్ చెయ్యి, ఒక్క మాట చెప్పు. నేనింకా ఆమెకు నిజం చెప్పలేదు. చెప్పడానికి రెండుసార్లు ఎదురుగా కూర్చుని లేచాను.

వెతుకు తమ్మీ. తిరగకు అన్నదాన్నే అడుగుతున్నాను. ఎట్లయినా వెతుకు.

రేణుక


దుబాయ్,
21 డిసెంబర్, శనివారం

నీ ఉత్తరం గురువారం చదివాను. శుక్రవారం సెమీఫైనల్ ఓడిపోయాం. షార్జా జట్టు మీద ఇరవై పాయింట్లతో. నాకు బంతి కనబడలేదు. సార్ మూడోసారి నన్ను బయట కూర్చోబెట్టి మళ్లీ పిలవలేదు.

నిన్ను ఎంత తిట్టాలో అంతా మనసులో తిట్టాను. రాస్తే పేజీలు చాలవు. అమ్మకు ఫోన్ చేసి తప్పయిందన్నాను. "తిన్నవా?" అని అడిగింది.

ఆదివారం మూడో స్థానం మ్యాచ్ ఉంది. ఓడిన జట్ల కప్పులో మళ్లీ ఓడినవాళ్ల మ్యాచ్. అందుకే రేపటి దాకా ఉంచారు. సోమవారం పొద్దున విమానం. అంటే నాకు మిగిలింది రేపొక్కటే. పోచన్నకు సెలవు కూడా రేపే. నీళ్ల బండి మీద మదామ్ దాకా తీసుకుపోతానన్నాడు.

మేం వచ్చింది ఎనిమిది మందిమి. ఇద్దరికి కాళ్లు బెణికాయి. అర్షద్‌కు మడమ వాచింది. నేను పోతే అర్షద్‌తో కలిపి ఐదుగురే మిగులుతారు.

పొద్దున సార్ దగ్గరికి పోయి రేపు ఆడనన్నాను. బాపు సంగతి మొత్తం చెప్పాను. అర్షద్ అక్కడే మడమకు మంచు పెట్టుకుంటున్నాడు. సార్ "పోదువు లేరా, మ్యాచ్ రెండింటికి ఐపోతది గద, తర్వాత పో" అన్నాడు. అంత దూరం పోయి ఫారాలు వెతకాలి సార్ అన్నాను. అప్పుడు ఆయన మెల్లగా అడిగాడు. "కరీంనగర్‌ల ఆ రెండు ఫ్రీ త్రోలు ఏమైనయ్ రాకేశ్?"

నువ్వూ అడిగావు కదా. మొదటిది దానంతట అదే తప్పింది. చేతులు చెమట పట్టాయి. రెండోది విసిరే ముందు, ఇదీ తప్పితే దుబాయ్ అని తోచింది. తప్పించాను అక్కా. సార్‌కు అదే చెప్పాను.

అర్షద్‌కిది ఆఖరి సంవత్సరం. చెన్నై పోవాలని నాలుగేళ్లు ఆడాడు. ఈ వారమంతా నా వెంట ఎండలో తిరిగి, నా బాపు ఫొటో పట్టుకుని అందరినీ బతిమాలాడు. వాడు మంచు గడ్డ గిన్నెలో పెట్టి, కుంటుకుంటూ బయటికి పోయాడు.

సార్ సంచిలోంచి నా పాస్‌పోర్ట్ తీసి చేతిలో పెట్టాడు. ఫోన్ కూడా ఇచ్చాడు. "నా టీంల నీకింక జాగ లేదు. ఎల్లుండి ఎయిర్‌పోర్టుకు రాకున్నా నేను ఎదురుచూడ. వీసా ఇంకో ఇరవై రోజులున్నది. మీ బాపును తీసుకరా" అన్నాడు. తల తిప్పుకుని అన్నాడు.

బాపుకు నువ్వేమైనా చెప్పాలనుకుంటే ఈ రాత్రిలోపు రాసి పంపు. నీ తరఫున నేను ఒక్క మాట కూడా చెప్పను.

రాకేశ్


కథలాపూర్,
21 డిసెంబర్

తమ్మీ, ఇది బాపుకు. చదివి వినిపించు, మధ్యలో ఏమీ కలపకు.

బాపూ,

నేను రేణుకను. ఆ రోజు అమ్మ గూడ గదే అంటున్నది అన్నాను. అమ్మకు నువ్వు ఫోన్ చేసినట్టే తెలియదు. ఈ రోజుకీ తెలియదు. రావద్దన్నది నేనొక్కదాన్నే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని నాకు తెలియదు. తెలిసుంటే అనేదాన్ని కాదని రాయాలని ఉంది, కానీ అప్పటి నా కోపం చూస్తే అది కూడా గట్టిగా చెప్పలేను.

అమ్మ నీ కంచం ఇంకా విడిగా కడిగి పెడుతుంది.

నా కోసం రాకు. ఆమె కోసం రా. నేను ఇంట్లో ఉండటం నీకు కష్టమైతే నేను వేరే ఊరి అంగన్‌వాడీకి మార్పించుకుంటాను.

రేణుక


షార్జా, అల్ నహ్దా,
27 డిసెంబర్, శుక్రవారం

అక్కా,

దొరికాడు.

ఆదివారం తొమ్మిది ఫారాలు తిరిగాం. ఎక్కడా చెప్పరు, పోలీసులమనుకుంటారు. పదోదాని దగ్గర ఒకాయన తల మీద గుడ్డ చుట్టుకుని మేకలకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి గంప కింద పెట్టి, చేతులు కట్టుకుని, "క్యా చాహియే సాబ్? ముదీర్ నహీ హై" అన్నాడు, ఏం కావాలి, మేనేజరు లేడని. అక్కా, నా బాపు నన్ను సాబ్ అన్నాడు.

"బాపూ, నేను రాకేశ్" అన్నాను. నమ్మలేదు. పోచన్నను చూశాడు. మళ్లీ నన్ను కింది నుంచి పైకి చూశాడు. పదిహేనేళ్ల పిల్లగాణ్ని వదిలి వచ్చాడు కదా. దగ్గరికి వచ్చి నా కుడి కనుబొమ్మ మీది మచ్చ తడిమాడు. అప్పుడు కూర్చుండిపోయాడు. సన్నబడ్డాడు. ఊపిరితిత్తులు సరిగా లేవు, నాలుగు అడుగులకు ఆగుతాడు.

ఇంటికి పోదాం అంటే, "వద్దు బిడ్డా. రేణుక చెప్పిన మాటల తప్పేమున్నది? మీ అమ్మకు నేను అక్కరకు రాలే. గొట్టం పెట్టిన్రు గని, లేచినంకనన్న నిజం చెప్పాల్సింది. సిగ్గైంది" అన్నాడు. ఎంత చెప్పినా కదలలేదు. అప్పుడు నీ ఉత్తరం చదివాను. ఏమీ కలపలేదు. నీ మీద ఉన్న కోపంతో గట్టిగా చదవడం మొదలుపెట్టాను, చివరికి నెమ్మదిగా చదివాను. కంచం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు, కాసేపటికి మిగతాది చదవమన్నాడు. "అది మార్పిచ్చుకునుడేంది? దాని ఇల్లు గాదా అది?" అన్నాడు. లోపలికి పోయి ఒక సంచి తెచ్చుకున్నాడు.

సోమవారం నుంచి వరసల్లోనే ఉన్నాం. బర్ దుబాయ్‌లో కాన్సులేట్ ముందు, తర్వాత అల్ అవీర్‌లో క్షమాభిక్ష కేంద్రం దగ్గర. అందరూ చివరి వారానికే వచ్చారు. బాపు నిలబడలేక నేల మీద కూర్చుంటే నేను ఆయన జాగాలో నిలబడ్డాను. రెండుసార్లు, ఎవరో యూనిఫాం వేసుకుని పక్కనుంచి పోతే, లేచి పారిపోబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ రోజు మధ్యాహ్నం దేశం దాటనిచ్చే కాగితం చేతికి వచ్చింది. పోచన్న ఇద్దరికీ టికెట్ చేయించాడు. సోమవారం, ముప్పై తారీఖు పొద్దున పదింటికి హైదరాబాద్.

మావాళ్లు ఆదివారం ఐదుగురితోనే ఆడారట. అర్షద్ ఆ మడమతోనే చివరి దాకా ఆడాడట. ఓడిపోయారు. నాకు ఈ సంగతి సార్ మెసేజ్ పెడితే తెలిసింది. కాలేజీ నన్ను జట్టులోంచి తీసేసినట్టు కాగితం కూడా వచ్చింది. అర్షద్‌కు నాలుగుసార్లు రాశాను. చదివాడు, జవాబు లేదు. ఇవ్వకపోవచ్చు.

అమ్మకు నిజం నువ్వే చెప్పాలి. మేం దిగేలోపు చెప్పు. బాపు ముందు ఆమె మొదటిసారి వినకూడదు.

రాకేశ్


కథలాపూర్,
28 డిసెంబర్

తమ్మీ,

చెప్పాను.

పొద్దున అమ్మ జల్లెడలో తంబాకు పోసుకుంటుంటే ఎదురుగా కూర్చుని, ఈసారి లేవకుండా, ఫోన్ మోగిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. మధ్యలో అమ్మ ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక "మూడేండ్లు" అన్నది. "మూడేండ్లు నా పక్కన పండుకున్నవు" అన్నది. అంతే. కొట్టి ఉంటే బాగుండు. జల్లెడ పక్కన పెట్టి, పెట్టెలోంచి చీర తీసి ఎండలో ఆరేసింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. వండింది, నాకు పెట్టింది, తను వాకిట్లో తిన్నది.

పొద్దు గూకేటప్పుడు వచ్చి, విమానం ఎన్నింటికని అడిగింది. చెప్పాను. "నేనొక్కదాన్నే పోత. నువ్వు రావద్దు" అన్నది. ఎట్లా పోతావమ్మా, హైదరాబాద్ నీకేం తెలుసు అంటే, "అడుక్కుంట పోత" అన్నది. ఆదివారం మధ్యాహ్నం జగిత్యాల పోయి హైదరాబాద్ బస్సు ఎక్కుతుంది. పొద్దటి దాకా అక్కడ చిన్నమ్మ ఇంట్లో ఉంటుంది, చిన్నమ్మ కొడుకు ఎయిర్‌పోర్టుకు తీసుకొస్తాడు. అది నేను మాట్లాడి పెట్టాను, నా పేరు చెప్పొద్దన్నాను.

తనను ఒంటరిగా పంపి నేను ఇంట్లో కూర్చోలేను. వెనక బస్సులో వస్తున్నాను. బయటికి వచ్చే గేటు దగ్గర కుడివైపు ఒక కాఫీ దుకాణం ఉంటుందట. దాని వెనక నిలబడతాను. అమ్మకు కనబడను. మీరు ముగ్గురూ కలుసుకున్నాక, బాపును ఒక్కసారి ఇటు చూడమని చెప్పు. నేను పిలవను. ఆయన చూసి తల తిప్పుకుంటే అక్కడి నుంచే వెనక్కి పోతాను, మీరు రెండు రోజులు ఆగి రండి, ఆలోపు నా బట్టలు తీసుకుని పోతాను. దాని ఇల్లు గాదా అన్నాడని రాశావు. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వస్తున్నాను, కానీ దూరం నుంచి అన్న మాట వేరు, మనిషి ఎదురుగా ఉంటే వేరు. నాకు తెలుసు.

చూసి ఆగితే మాత్రం బాపు దగ్గరికి వస్తాను, నువ్వు అమ్మ చెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకు జరుగు.

రేణుక